మోటారు జోరు పెంచితే ఉప్పొస్తుంది

కోనసీమలో సఖినేటిపల్లి, మలికిపురం, అంతర్వేది వైపు బోర్లు దించేవాళ్లకి ఒక సంగతి బాగా తెలుసు. అక్కడ నేల కింద తియ్యటి నీళ్లు పలచటి పొరగానే ఉంటాయి. ఆ పొర కిందంతా ఉప్పే. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు కాబట్టి ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. చేతిపంపు కొట్టుకున్నంతకాలం ఇబ్బంది లేదు. గొట్టం మరీ లోతుకు దించినా, పెద్ద మోటారు బిగించి గంటల తరబడి తోడినా, కిందున్న ఉప్పు గొట్టం మూతి దగ్గరికి పుట్టలా లేచి బయటికొచ్చేస్తుంది. అలా వచ్చినప్పుడు మోటారే ఉప్పు తయారు చేసిందని ఎవరూ అనరు. కింద ఉన్నదే పైకొచ్చిందంటారు.

మనుషుల దగ్గరికొచ్చేసరికి ఈ ఇంగితం ఎటో పోతుంది. "ఆయన మనసు వెన్నండీ, నోరే కాస్త దురుసు." "ఏదో కోపంలో అనేశాను గానీ నా మనసులో ఏం లేదు." "సాతాను నా చేత అనిపించాడు." ఈ మూడూ ప్రార్థన మందిరం మెట్ల మీద తరచూ వినబడే మాటలే. మూడింటిలోనూ తప్పు మోటారుదే.

బైబిలు కొత్త నిబంధనలో యాకోబు తన పత్రిక మూడో అధ్యాయంలో సరిగ్గా ఇక్కడే నిలదీస్తాడు. ఏ నాలుకతో తండ్రిని స్తుతిస్తున్నామో అదే నాలుకతో దేవుని పోలికలో పుట్టిన మనుషుల్ని శపిస్తున్నాం, ఇదెలా కుదురుతుందని. ఊటలో ఒకే కన్నులోంచి తీపీ చేదూ రెండూ ఊరతాయా అని అడిగి, ఉప్పునీళ్లలోంచి తియ్యటినీళ్లు ఊరవని తేల్చేస్తాడు. మా బోరులో రెండూ వస్తున్నాయి కదా అని కోనసీమ రైతు అడగొచ్చు. వస్తాయి, ఒకే గొట్టంలోంచి. అయితే రెండు వేరు వేరు పొరల నుంచి. యాకోబుకి గొట్టంతో పని లేదు. పైపొర మందమెంత, కింద ఉన్నదేమిటి అన్నదే ఆయన ప్రశ్న.

యేసు మాట ఇంకా సూటి. లూకా 6:45లో, "హృదయము నిండియుండు దానిని బట్టి యొకని నోరు మాటలాడును" అన్నాడు. నిండి ఉండటం అన్నచోట గ్రీకు మూలంలో ఉన్న పదం పెరిస్సెవ్మ. నిండిపోయి అంచు దాటి పొర్లే మిగులు అని దాని భావం. గాదె నిండాక కింద రాలే గింజలన్నమాట. రాలిన గింజ చూస్తే లోపల పోసిందేమిటో తెలిసిపోతుంది. గాదె నిండా మారుటేరు స్వర్ణ ధాన్యం పోశాం, రాలినవి మాత్రం ఊదర గింజలు అంటే ఏ కమీషను వ్యాపారి నమ్ముతాడు?

ఇదే బోధ మత్తయి 12లో వచ్చిన సందర్భం కూడా చూడాలి. చెట్టును దాని పండు వల్ల తెలుసుకోవచ్చన్న మాట అక్కడ తాగుబోతులకో దొంగలకో చెప్పలేదు. దయ్యాల అధిపతి సాయంతో దయ్యాల్ని వెళ్లగొడుతున్నాడని తన మీద నింద వేసిన పరిసయ్యులకు, అంటే యూదుల్లో నిష్ఠాపరులకు చెప్పాడు. లేఖనాలు కంఠతా వచ్చినవాళ్లు, ఉపవాసాలు తప్పనివాళ్లు. వాళ్ల ప్రార్థనల్లో బయటపడనిది ఆ ఒక్క నిందలో బయటపడింది. ఆ వెంటనే 36వ వచనంలో, పలికిన ప్రతి వ్యర్థమైన మాటకీ తీర్పు రోజున లెక్క చెప్పాలంటాడు. వ్యర్థమైన అనే చోట గ్రీకు పదం అర్గోస్. పని లేనిది, పనిలోకి దిగనిది అని. మత్తయి 20లో సంతవీధిలో పని దొరక్క నిలబడ్డ కూలీలను చెప్పడానికీ ఇదే పదం వాడారు. మన అడ్డా మీద పొద్దున్నే నిలబడే కూలీల్లాంటి మాటలు అనుకోండి. ఎవరూ పురమాయించకుండా, ఏ పనీ అప్పగించకుండా, ఊరికే నోట్లోంచి వచ్చేసినవి. లెక్క అడిగేది వాటికి.

ఎందుకు వాటికే? నా వాదన అంతా ఈ ప్రశ్న చుట్టూనే. ప్రార్థన, సాక్ష్యం, వాక్యపరిచర్య, పెళ్లిలో ఆశీర్వాదం, క్రిస్మస్ సందేశం, ఇవన్నీ పనిలో పెట్టిన మాటలు. ముందు ఆలోచించి, ఎవరు వింటున్నారో చూసుకుని, అందుకు తగ్గ గొంతుతో పలుకుతాం. వాటిలో అబద్ధం ఉందని అనను. అవి చేతిపంపు నీళ్లు, అంతే. మనిషి స్వభావం తెలియాలంటే రెండు చోట్ల చూడాలి: తయారీ లేకుండా వచ్చిన మాటలో, తిరిగి మనల్ని ఏమీ చేయలేని మనిషితో నడిపిన వ్యవహారంలో.

ఈ గోదావరి డెల్టాలో ఈ తేడాని పట్టుకోవడానికి పాస్టరుగారే అక్కర్లేదు. మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డప్పటి నుంచి లెక్కేస్తే దాదాపు 190 ఏళ్లుగా ఇక్కడ సువార్త వినబడుతోంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది, అంటే సువార్త వచ్చింది అంతకంటే ముందే. మందిరం మైకు వినబడని ఊరు ఇప్పుడు అరుదు. క్రైస్తవుడు ఏం మాట్లాడాలో, ఎలా నడుచుకోవాలో క్రైస్తవేతరులైన ఇరుగుపొరుగుకీ తెలుసు. అందుకే తప్పు జరిగితే, "ఆదివారం చెప్పేది ఒకటీ, సోమవారం చేసేది ఒకటీనా?" అని టీ కొట్టు దగ్గరే తీర్పు వచ్చేస్తుంది. ఆ తీర్పు చాలాసార్లు మోటుగా ఉంటుంది, కొన్నిసార్లు అన్యాయంగానూ ఉంటుంది. అయినా వాళ్లు చూస్తున్న చోటు మాత్రం సరైనదే.

'అండి' ఎవరికి దక్కుతుంది

గోదావరి జిల్లాల మర్యాద పేరున్నదే. "ఆయ్, రండండి, కూర్చోండండి, మంచినీళ్లు తాగండండి" అని మాట మాటకీ అండి తగిలిస్తాం. ఇది మంచి అలవాటే. అయితే ఒక ఇంట్లో ఒక పూట గడిపి, ఆ అండి ఎవరికి దక్కిందో, ఎవరి దగ్గర ఆగిపోయిందో గమనిస్తే ఆ ఇంటి హృదయం సగం తెలిసిపోతుంది. పాస్టరుగారికి దక్కుతుంది. బ్యాంకు ఆఫీసరుకి దక్కుతుంది. కొబ్బరి దింపుకొచ్చిన అరవై ఏళ్ల మనిషిని ఆ ఇంటి పదేళ్ల కుర్రాడు "ఏరా, ఇటు రా" అంటాడు. ఆ కుర్రాడికి అలా పిలవమని ఎవరూ నేర్పలేదు, ఇంట్లో పెద్దలు పిలిచే తీరు విన్నాడంతే. కుటుంబ ప్రార్థనలో వాడు కంఠస్థ వాక్యం తడుముకోకుండా చెప్పగలడు. వాడు నేర్చుకున్న రెండు పాఠాల్లో ఏది లోతుకు దిగిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక వెటకారం. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దీన్ని పాపాల జాబితాలో చేర్చరు, ప్రతిభల జాబితాలో చేరుస్తారు. ఎఫెసీ 5:4లో బూతులు, పోకిరిమాటలతో పాటు సరసోక్తులు కూడా వద్దని ఉంది. అక్కడి గ్రీకు పదం యూట్రపెలియ. విచిత్రమేమిటంటే అరిస్టాటిల్ ఇదే పదాన్ని మంచి గుణంగా, చమత్కారంగా లెక్కేశాడు. ఆ పత్రికలో పౌలు దాన్ని తెచ్చి బూతుల పక్కన కూర్చోబెట్టాడు. హాస్యమంటే ఆయనకు గిట్టదని దీనర్థం కాదు. దోమని వడకట్టి ఒంటెని మింగేవాళ్లని యేసు వర్ణించినప్పుడు విన్నవాళ్లు నవ్వకుండా ఉండుంటారా? తేడా ఎక్కడుందంటే, ఆ నవ్వుకి ఖరీదు ఎవరు కడుతున్నారన్న దగ్గర. ఒంటెని మింగే పోలికకి గురైనవాళ్లు అధికారంలో ఉన్నవాళ్లు. మన అరుగు మీద వెటకారానికి గురయ్యేది ఎవరు? కట్నం సరిగ్గా తేని కోడలు, నత్తి ఉన్న కుర్రాడు, అప్పు తీర్చలేక తలదించుకున్నవాడు, గల్ఫ్ నుంచి ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాడు. వాళ్లు కూడా నవ్వాల్సిందే, లేకపోతే "సరదాకన్నాను, అంత ఉడుక్కోవాలా?" అని ఇంకో దెబ్బ. మాటకి మాట తిప్పి కొట్టగలవాడితో ఆడే చమత్కారం ఆట. కొట్టలేనివాడి మీద ఆడేది వేట. దీన్ని పట్టుకునే పద్ధతి తేలికే: అదే జోకు మందిరం పెద్ద మీద, ఆయన ఎదురుగా వేయగలరా? వేయలేకపోతే అది జోకు కాదు.

ప్రార్థన అంశాల పేరుతో సాగే ఇంకో వ్యవహారం ఉంది. "ఫలానా వాళ్లమ్మాయి కోసం ప్రార్థన చేయండమ్మా, ఎందుకో మీకు తెలుసుగా" అని మొదలవుతుంది. ఎందుకో తెలియనివాళ్లు ప్రార్థన అయ్యాక అడుగుతారు. కూటం ముగిసేసరికి వీధి వీధికీ తెలిసిపోతుంది. ఇందులో మాయ ఏమిటంటే చాడీ చెబుతున్నానన్న స్పృహ చెప్పేవాళ్లకే ఉండదు, కళ్లు మూసుకుని చెబుతున్నారు కాబట్టి. మత్తయి 18:15 క్రమం వేరు: ముందు నువ్వూ అతనూ ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరు సాక్షులతో, అప్పటికీ వినకపోతేనే సంఘానికి. మనం మూడో మెట్టు మీద మొదలుపెట్టి మొదటి మెట్టు అసలే ఎక్కం. సంఘాల్లో ఒక కట్టుబాటు పెట్టుకోవచ్చు. ఎవరి కోసం ప్రార్థన కోరుతున్నారో వాళ్ల అనుమతి ఉంటేనే వివరం చెప్పాలి. లేకపోతే పేరొక్కటే చెప్పాలి, లేదా పేరూ లేకుండా "ఒక కుటుంబం కోసం" అనాలి. దేవుడికి ఇంటి నంబరు చెప్పక్కర్లేదు కదా.

కాటా దగ్గర

మాటల కంటే ముందు డబ్బు నిజం చెబుతుంది. 15వ కీర్తన తెరిచి చూడండి, అయిదు వచనాలే. దేవుని గుడారంలో ఎవరు ఉండగలరన్నది ప్రశ్న. జవాబులో బలి లేదు, పాట లేదు, ఉపవాసం లేదు. ఉన్నవన్నీ నాలుక, పొరుగువాడు, ఇచ్చిన మాట, వడ్డీ, లంచం. నష్టం వచ్చినా మాట తప్పనివాడు అన్నది నాలుగో వచనంలో ఉంది. ధాన్యం ఫలానా ధరకి ఇస్తానని ఒప్పుకున్నాక మర్నాడు ధర పెరిగితే ఏం చేస్తామన్నదే ఆ వచనానికి మన వాడుక భాషలో అర్థం.

తూకం సంగతి చూద్దాం. మన వైపు లెక్క 75 కిలోల బస్తా. ఖాళీ గోనె బరువు ఒక కిలో అటూ ఇటూ. తేమ ఉంటే ధాన్యం ఎండాక తగ్గుతుంది, అందుకే ప్రభుత్వ కొనుగోలులో తేమ 17 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది. ఈ రెంటికీ న్యాయంగా తీసే తరుగు వేరు, వాటి పేరు చెప్పి లాగేది వేరు. బస్తాకి కిలోన్నర అదనంగా లాగితే వంద బస్తాలకి 150 కిలోలు. అంటే రెండు బస్తాల ధాన్యం గాలికి పోయినట్టు పోతుంది. అమ్మేవాడు కౌలురైతు అయితే, కౌలు బస్తాలు కొలిచి ఇచ్చాక అతనికి మిగిలేదే కొద్ది, ఆ రెండు బస్తాలు అందులోంచే పోతాయి. రాళ్ల కాటా రోజుల్లో ద్వితీయోపదేశకాండం 25:13 సంచిలో పెద్దదొకటి చిన్నదొకటి రెండు రాళ్లు ఉంచుకోవద్దంది. ఇప్పుడు రాళ్లు పోయి ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాయి, మోసం అంకెల్లోకి మారింది. ఖాళీ కాటా మీద సున్నా కనబడుతుందా, తూనికలు కొలతల శాఖ ముద్ర ఈ ఏడాదిదేనా, తూకం అంకె రైతుకి కనబడేలా కాటా తిప్పి పెట్టారా, ఈ మూడూ చూస్తే చాలా తెలుస్తుంది. రొయ్యల దగ్గరైతే కౌంట్ పట్టే చోట జరుగుతుంది. కిలోకి ఎన్ని తూగుతాయన్న దాన్ని బట్టి ధర కాబట్టి, నమూనా వల ఎవరు వేశారు, ఏ మూల వేశారన్న దగ్గరే పట్టుబడి మొత్తం అటూ ఇటూ అయిపోతుంది. దశమభాగం పైసలతో సహా లెక్కకట్టి ఇచ్చేవాడు కౌంట్ దగ్గర కన్ను మూసుకుంటే, పుదీనా సోపు జీలకర్రల్లో పదోవంతు ఇచ్చి న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్ల గురించి మత్తయి 23:23 చెప్పింది అతని గురించే.

రొయ్యల మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. మంచినీటి పొలాల మధ్య చెరువు తవ్వి ఉప్పు బోరు నీళ్లు నింపితే ఆ ఉప్పు గట్టు దాటి ఊరుతుంది. పక్క చేలో వరి పొట్టిగా ఎర్రబారుతుంది, పక్కింటి బావి నోట పెట్టుకోవడానికి ఉండదు. "నా పొలం, నా ఇష్టం" అన్న వాదన చట్టం ముందు ఎంతవరకు నిలుస్తుందో వేరే సంగతి. నిన్నువలె నీ పొరుగువాని ప్రేమించు అన్న ఆజ్ఞ ముందు మాత్రం ఒక్క పూట నిలవదు. చెరువు గట్టు మీద ప్రతిష్ఠ ప్రార్థన పెట్టించే ముందు పక్క చేను రైతుని అడిగారా లేదా అన్నది ఆ ప్రార్థన కంటే ఎక్కువ చెబుతుంది.

కూలి సంగతి తేలిక, సందేహాలకి తావు లేనిది. ద్వితీయోపదేశకాండం 24:15 ప్రకారం పొద్దు కుంకకముందే ఇవ్వాలి. చేలు కోసినవాళ్ల దగ్గర బిగబట్టిన కూలి మొర్రపెడుతుందని యాకోబు 5:4. చేతిలో డబ్బు ఉంచుకుని "రేపు రా" అనవద్దని సామెతలు 3:28. ముఠా మేస్త్రీకి ఒకేసారి ఇచ్చేశాం, మా బాధ్యత తీరిందనుకునేవాళ్లు ఆ డబ్బు ఆడకూలీల చేతికి ఎంత చేరిందో ఒకసారి అడగాలి.

అప్పు దగ్గర మాత్రం ధర్మశాస్త్రం మనం అనుకున్నదానికంటే సున్నితంగా ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. యాభై వేలకి నెలకి వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు, అంటే 24 శాతం. పేదవాడి దగ్గర వడ్డీయే వద్దంటుంది నిర్గమకాండం 22:25. అంతకంటే నన్ను ఎక్కువగా ఆపేది ద్వితీయోపదేశకాండం 24:10, 11. తాకట్టు తీసుకోవడానికి అప్పిచ్చినవాడు ఇంట్లోకి వెళ్లకూడదు, బయట నిలబడాలి, అప్పు తీసుకున్నవాడే తెచ్చివ్వాలి. బాకీ ఉన్నంతమాత్రాన అతని గడప మీద, అతని పిల్లల ముందు అతని పరువు మీద మనకి హక్కు లేదు. వాకిట్లో నిలబడి వీధంతా వినబడేలా అరిచి వసూలు చేసిన డబ్బులో కానుక తీసి పెట్టేవాళ్లు ఈ రెండు వచనాలూ చదివి ఉండరు.

కులం గురించి పొడిగించను, పొడిగించాల్సినంత కొత్త విషయం లేదు కాబట్టి. "రక్షణ పొంది, బాప్తిస్మం తీసుకుని, ప్రార్థనాపరురాలైన అమ్మాయి కావాలి" అన్న సంబంధం మాటల్లో నాలుగో షరతు ఏమిటో అందరికీ తెలుసు. అయిదోది, "మేమేమీ అడగమండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం." వరకట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ 1961 నుంచి నేరమే. గలతీ 2లో పేతురు అంతియొకయలో ఒక్క తప్పు మాట కూడా అనలేదు. అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో తినే పంక్తిలోంచి లేచి పక్కకి వెళ్లాడంతే. సువార్త సత్యానికి తగ్గట్టు నడవడం లేదని పౌలు అందరి ముందే నిలదీయడానికి అది సరిపోయింది.

ఒక్క కాయతో చెట్టుకి తీర్పు చెప్పవచ్చా

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. నాలుగు రోజులు ఆసుపత్రి వరండాలో జాగారం చేసినవాడు విసుక్కుంటే అది అతని హృదయమేనా? షుగరు పడిపోయినవాడి కోపం? చిన్నప్పటి నుంచి తిట్లు తప్ప మరోటి వినని ఇంట్లో పెరిగినవాడి నోరు? పుట్టుకతోనే నెమ్మదస్తుడైనవాడికి లేని గొప్పతనం ఇచ్చేస్తున్నామేమో?

కొబ్బరిచెట్టుని చూడాలి. పూత విచ్చుకున్నాక కాయ ముదరడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. నెలకొక గెల చొప్పున వేస్తుంది కాబట్టి కాపుమీదున్న చెట్టుకి ఎప్పుడు చూసినా డజను దాకా గెలలు రకరకాల ఈడులో ఉంటాయి. ఇవాళ దింపులో పడ్డ కాయ నిరుటి నీళ్లది. ఒక ఎండాకాలం నీళ్లు అందకపోతే ఆ దెబ్బ తరవాతి రెండేళ్ల కాపు మీద కనబడుతుంది. 1996 నవంబరు తుపాను తరవాత కోనసీమలో నిలబడ్డ చెట్లు కూడా మళ్లీ దారికి రావడానికి ఏళ్లు పట్టింది. కాబట్టి ఒక్క కాయ పట్టుకుని చెట్టుని కొట్టేయమనేవాడు రైతు కాడు. రెండు మూడు దింపులు వరసగా చూడాలి. ఆ చెట్టు ఏ గాలివాన తిన్నదో అడగాలి. విసుగుతో అన్న ఒక్క మాట కంటే, అన్నాక గంటకి ఏం చేశాడన్నది ఎక్కువ చెబుతుంది. గాయాలతో పెరిగినవాడు పదిలో నాలుగుసార్లు నోరు ఆపుకుంటే, గాయం తెలియని సాత్వికుడి పదికి పది కంటే అదే పెద్ద పంట కావచ్చు. దాన్ని తూచే కాటా మన దగ్గర లేదు.

అందుకే ఈ పరీక్ష మొదట ఎవరికి వాళ్లు పెట్టుకోవాల్సింది. ఒక్క చోట మాత్రం ఎదుటివాళ్లకీ పెట్టక తప్పదు. సంఘ పెద్దని, కాపరిని ఎంచుకునేటప్పుడు. 1 తిమోతి 3లో అధ్యక్షుడికి ఉండాల్సినవి చదివితే బోధించే నేర్పు ఒక్కటే పనితనం కింద వస్తుంది, మిగిలినవి దాదాపు అన్నీ గుణం. మనం తలకిందులుగా ఎంచుతాం: గొంతు బాగుందా, మైకు పట్టుకుంటే జనం ఊగుతారా. ఆ జాబితాలో చివరిది సంఘం బయటివాళ్ల దగ్గర మంచి పేరు. అది తెలుసుకోవడానికి మూడు చోట్ల అడిగితే చాలు. అతను సరుకులు తెచ్చుకునే కిరాణా కొట్టు ఖాతా, అతని దగ్గర పనిచేసి మానేసిన మనిషి, అతనితో గట్టు తగాదా ఉన్న పొరుగువాడు. ఇంట్లోవాళ్లని అడగడం మంచిదే కానీ వాళ్లు నిజం చెప్పగలిగే స్థితిలో ఉన్నారో లేదో ముందు చూడాలి. భయం ఉన్న ఇంట్లో అందరూ బాగుందనే చెబుతారు.

ఉప్పు తగ్గాలంటే

మోటారు నెమ్మదిగా వేయడం ఒక దారి. పదిసార్లు ఆలోచించి మాట్లాడటం, కోపంలో గదిలోంచి బయటికి వెళ్లిపోవడం, రాత్రి పది దాటాక వాట్సాప్‌లో జవాబు ఇవ్వకపోవడం. ఇవి పనికొస్తాయి. కనీసం పక్కవాళ్ల చేలు పాడవ్వవు. కానీ ఉప్పు ఉన్నచోటే ఉంటుంది. పైపొర మందమవ్వాలంటే పైనుంచి నీళ్లు దిగాలి. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో బావులు చప్పబడి ఉప్పెక్కడం, కాలువ వదిలి చేలల్లో నీళ్లు నిలబడి, చెరువులు నిండాక మళ్లీ తేరుకోవడం తీరం ఊళ్లన్నిటికీ తెలిసిందే. సామెతలు 4:23 హృదయంలోంచి జీవధారలు బయల్దేరతాయంటుంది. ధార బయటికి రావాలంటే లోపలికి ఏదో వెళ్లాలి.

ఏం వెళుతోంది? పడుకునే ముందు గంటసేపు ఏం విన్నామో చూసుకుంటే చాలు. అత్తాకోడళ్ల సీరియలు, పార్టీల కేకల చర్చ, కుటుంబం గ్రూపులో వచ్చిన ఎత్తిపొడుపులు. పొద్దున్న ఆరింటికి పది నిమిషాల ధ్యానం ఆ గంట మీద నెగ్గాలి. రోజుకి అయిదు కీర్తనలు పైకి చదివితే 150 కీర్తనలూ నెలకి పూర్తవుతాయి. పైకి చదవమనడానికి కారణముంది. కీర్తనల్లో కోపం ఉంది, పగ ఉంది, ఏడుపు ఉంది, అన్నీ దేవుడికే చెప్పుకున్నవి. కోపాన్ని ఎవరికి చెప్పాలో నోటికి అలవాటవుతుంది. దానితో పాటు రాత్రి ఒక చిన్న పుస్తకంలో ఆరోజు ఆలోచించకుండా అనేసిన మూడు మాటలు రాసుకోవాలి. ఎవరితో అన్నాం, వాళ్లు మనకి పైనా కిందా, అప్పుడు మనం ఏం పోతుందని భయపడ్డాం. నెల తిరిగేసరికి ఒకే మనిషి పేరు, ఒకే భయం మళ్లీ మళ్లీ కనబడతాయి. ఆ భయం పేరు డబ్బు కావచ్చు, పరువు కావచ్చు. ఈ పుస్తకం చెడిపోయేది ఒకే దారిలో: భార్య మాటలు భర్తా, భర్త మాటలు భార్యా రాయడం మొదలుపెట్టినప్పుడు.

రాసుకున్నాక తీర్చాల్సినవి తీర్చాలి. "నేనేమైనా తప్పుగా మాట్లాడి ఉంటే క్షమించండి" అన్నది క్షమాపణ కాదు, తప్పు ఉందో లేదో వెతుక్కునే పని ఎదుటివాళ్లకి అప్పజెప్పడం. ఏ మాట అన్నామో ఆ మాట చెప్పాలి, తప్పని చెప్పాలి, 'కానీ' అనకుండా ఆపాలి. పదిమంది ముందు అన్నది ఆ పదిమంది ముందే వెనక్కి తీసుకోవాలి. "ఒరేయ్, ఏమనుకోకురా" అంటే తప్పు ఎక్కడుందో ఇంకా తెలియలేదన్నమాట.

డబ్బు తప్పైతే లేవీయకాండం 6:5 లెక్క కట్టి ఇచ్చింది: అసలు, పైన అయిదో వంతు. ఆ 150 కిలోల ధాన్యానికి 30 కలిపి 180. అది తనంతట తాను ఒప్పుకున్నవాడికి. గొర్రెని దొంగిలించి కోసేసినా అమ్మేసినా, దొంగ గొర్రెకి నాలుగు గొర్రెలు ఇవ్వాలని నిర్గమకాండం 22:1. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్యని ఎవరూ పట్టుకోలేదు, అయిదో వంతుతో సరిపెట్టుకోవచ్చు. తనే దొంగ రేటు తన మీద వేసుకుని నాలుగంతలన్నాడు. మన లెక్కలో అది 600 కిలోలు, ఎనిమిది బస్తాలు. మనవాళ్లు ఇక్కడ చేసే పొరపాటు, ఆ సొమ్ము రైతుకి ఇవ్వకుండా మందిరం పైకప్పుకి రాయడం. సంఖ్యాకాండం 5:8 ప్రకారం నష్టపోయినవాడి తరఫున తీసుకునే రక్తసంబంధి ఎవరూ లేనప్పుడు మాత్రమే అది యాజకుడికి చేరుతుంది. నష్టపోయిన కౌలురైతు ఆ వీధి చివరే ఉండగా రేకుల మీద పేరు రాయించుకోవడానికి వీల్లేదు.

డబ్బు తిరిగిచ్చి, మాట వెనక్కి తీసుకున్నాక కూడా అతను సరే అనకపోవచ్చు. బస్తాలు దింపించుకుని, ముఖం చూడకుండా లోపలికి వెళ్లిపోవచ్చు. ఎన్నేళ్లు తూకంలో పోయిందో అతనికి గుర్తుంటుంది. అతని టైము అతను తీసుకుంటాడు. ఆ ఆదివారం మందిరంలో, "నేను తగ్గించుకుని వెళ్లాను, ఆయనే క్షమించలేదు, ఆయన కోసం ప్రార్థన చేయండి" అని మాత్రం అంశం ఇవ్వకూడదు.